మంచం మీది వ్యోమగామి

మానవుడి అంతరిక్ష ప్రయాణంలో ఎదురయ్యే ప్రమాదాల గురించి ఒక గంట మాట్లాడమని మా ప్రిన్సిపాల్‌గారు నన్ను అడిగిన వారంలోనే మా అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. ఈ రెండింటికీ ఏదైనా సంబంధం ఉంటుందని అప్పట్లో నాకు తోచలేదు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా కాపురం ఏలూరులో. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. నా సొంత ప్రయాణాల అనుభవం అంతవరకే. మన దేశం నుంచి మనుషుల్ని పైకి పంపడానికి సన్నాహాలు జరుగుతున్నాయని పేపర్లో వస్తోంది కాబట్టి, పిల్లలకి ఆ విషయం మీద రెండు ఉపన్యాసాలు పెట్టించాలని ప్రిన్సిపాల్‌గారికి అనిపించింది. "సాధించిన విజయాల గురించి కెమిస్ట్రీ సార్ మాట్లాడతానన్నారమ్మా. ప్రమాదాలు మీకు ఉంచాం. మీకైతే సరిగ్గా సరిపోతుంది" అన్నారు. ఎందుకు సరిపోతుందో నేను అడగలేదు. స్టాఫ్ రూమ్‌లో నలుగురూ తల వంచుకుని నవ్వుకుంటుంటే అర్థమైంది, దేంట్లోనైనా ముందు ప్రమాదమే చూస్తానని నాకో పేరుంది.

అమ్మకి తుంటి ఎముక విరిగింది. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఏలూరులోనే ఆపరేషన్ చేయించాం. లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "నా పని నేను చేశాను. రాడ్డు గట్టిగా ఉంది. ఇక రోజూ వాకర్ పట్టుకుని నిలబడాలి, నడవాలి. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఈ వయసులో తుంటి విరిగినవాళ్ళకి ప్రాణం మీదికి వచ్చేది తుంటి వల్ల కాదమ్మా, మంచం వల్ల." అమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని అంతా విన్నది. "అలాగేనండీ డాక్టరుగారూ" అంది. ఇంటికొచ్చి పడుకుంది. మరి లేవలేదు.

నొప్పి కాదు. నొప్పికి మాత్రలు వేసుకుంటోంది. భయం. పడినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. నేను రైల్లో ఉన్నాను, మా వారు బ్యాంకులో ఉన్నారు. పనమ్మాయి వచ్చేదాకా ఆ తడి గచ్చు మీదే ఉంది. "లేస్తే మళ్ళీ పడతానే. పడుకున్నవాళ్ళు ఎవరైనా పడ్డారా?" అని నన్నే అడిగింది. ఫిజిక్స్ ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు.

రోజూ సాయంత్రం అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని ఉపన్యాసానికి తయారయ్యేదాన్ని. కొంత ఇంటర్నెట్‌లో, కొంత లైబ్రరీ పుస్తకాల్లో చదివాను. చదివిన కొద్దీ మనుషులు అసలు ఎందుకు వెళతారో అర్థం కాలేదు. అమ్మకి పొద్దుపోక, అదేమిటో పైకి చదవమనేది.

"కక్ష్యలో తిరిగేవాళ్ళకి బరువు తెలియదమ్మా. తేలుతూ ఉంటారు."

"ఎందుకు తెలీదూ?"

"వాళ్ళు పడుతూ ఉంటారు కాబట్టి. ఎత్తు మీంచి పడుతున్నట్టే. కానీ పక్కకి ఎంత వేగంగా వెళుతున్నారంటే, నేలని తాకరు. భూమి చుట్టూ పడుతూనే తిరుగుతుంటారు."

అమ్మ కాసేపు ఫ్యాను వంక చూసింది. "అంటే రోజంతా పడుతూనే ఉంటారా?"

"రోజంతా."

"ఎన్నాళ్ళూ?"

"ఆర్నెల్లు ఉంటారు కొందరు."

"వాళ్ళ అమ్మలు ఎలా ఒప్పుకున్నారే!" అంది. నేను పేజీ తిప్పాను.

మిగతావి కూడా చదివి వినిపించాను. బరువు మోయని ఎముకలు పలచబడతాయి. వాటిలో ఉండే సున్నం కరిగి మూత్రంలో పోతుంది. కండ కరిగిపోతుంది. కాళ్ళలో ఉండాల్సిన నీరు తలకెక్కి మొహం ఉబ్బుతుంది, కాళ్ళు పుల్లల్లా అవుతాయి. గుండెకి పని తగ్గి అది కూడా బద్ధకిస్తుంది. పగలూ రాత్రీ తేడా తెలియక నిద్ర చెడుతుంది. ఒకే గదిలో అవే మొహాలు చూసి చూసి చిరాకులు పెరుగుతాయి. తిండికి రుచి తెలియదు. పై నుంచి వచ్చే రేడియేషన్ వల్ల కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపిస్తాయట. "నాకు మెరుపులు లేవు" అంది అమ్మ. మిగతావాటి గురించి ఏమీ అనలేదు.

ఇక్కడ మా ప్రాంతపు మర్యాద గురించి కొంచెం చెప్పాలి. పరామర్శకి వచ్చేవాళ్ళు మా వైపు ఉత్త చేతులతో రారు. హార్లిక్స్, బత్తాయిలు, బ్రెడ్డు. ఆ నెలలో మా ఇంట్లో ఉన్నన్ని బ్రెడ్డు ప్యాకెట్లు బజార్లో బేకరీలో కూడా ఉండి ఉండవు. దానికి నేనేమీ అనను. గుమ్మంలో కాలు పెడుతూనే అందరూ అనే మాట దగ్గరే నాకు తిక్క రేగేది. "అయ్యయ్యో, లేవకండి పిన్నిగారూ! పడుకోండి, పడుకోండి!" అమ్మ లేవబోతే కదా. తలగడ మీంచి తల కూడా ఎత్తేది కాదు. అయినా ముందే ఆపేసేవాళ్ళు. తర్వాత దుప్పటి సర్దేవాళ్ళు. మంచినీళ్ళ గ్లాసు అమ్మ చేతికి అందేంత దగ్గరగా ఉంటే, అది కూడా వాళ్ళే తీసి ఇచ్చేవాళ్ళు. అమ్మ నడిస్తే చిన్నతిరుపతి కొండకి వస్తామని నలుగురు మొక్కుకున్నారు. ఆ మొక్కుకున్న నలుగురూ, లేవకండి అన్నవాళ్ళలోనే ఉన్నారు.

అందరిలోకీ మా వారు ఘనులు. అత్తగారంటే ఆయనకి చాలా గౌరవం. పొద్దున్నే కాఫీ మంచం దగ్గరికి, టిఫిన్ మంచం దగ్గరికి, టీవీ కూడా హాల్లోంచి విప్పి అమ్మ గదిలో గోడకి కొట్టించారు. "ఏవండీ, ఆవిడ టీవీ కోసమైనా హాల్లోకి నడిచేదండీ" అన్నాను. "ఛ, ఛ, అత్తయ్యగార్ని నడిపిస్తామా!" అన్నారు. నడిపించడానికే కదా ఆపరేషన్ చేయించింది అంటే, మొహం చిన్నబుచ్చుకుని షాపుకి వెళ్ళి ఇంకో బ్రెడ్డు తెచ్చారు.

ఎక్సర్‌సైజులు చేయించడానికి వన్ టౌన్ నుంచి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. ముస్లింల అమ్మాయి, పని తెలిసిన పిల్ల. మొదటిరోజు అమ్మ చేత కాలు కొంచెం ఎత్తించింది. రెండోరోజు అమ్మ ఆ పిల్ల చేత ఇంటి విషయాలన్నీ చెప్పించింది. మూడోరోజు నుంచీ ఎండన పడి వచ్చావని మజ్జిగ, బాగా చిక్కిపోయావని జంతికలు. ఓ రోజు గేటు దగ్గర పట్టుకుని అడిగాను, అసలు ఏం జరుగుతోందమ్మా అని.

"అమ్మమ్మగారు రేపు తప్పకుండా లేస్తానన్నారండి."

"రోజూ అలాగే అంటుంది. నువ్వు గట్టిగా చెప్పాలి కదా?"

"చెప్పానండి. సున్నుండలు పెట్టించారండి" అంది ఆ పిల్ల దిగాలుగా.

ఉపన్యాసం రోజు వచ్చింది. కాలేజీ సెమినార్ హాల్లో పిల్లలందర్నీ కూర్చోబెట్టారు. ముందు కెమిస్ట్రీ సార్ విజయాలన్నీ చెప్పేసి చప్పట్లు కొట్టించుకుని దిగారు. నేను ఎముకలతో మొదలుపెట్టాను. భూమి మీదే ఉండి ఈ ప్రమాదాలు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఒక పద్ధతి పెట్టుకున్నారని చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని వారాల తరబడి మంచం మీద పడుకోబెడతారు. తిండి, స్నానం, అన్నీ పడుకునే. అంతరిక్షంలో ఒంటికి ఏమవుతుందో, మంచం మీద దాదాపు అదే అవుతుంది. ఈ మాటలు నా నోటితో నేనే చెప్పాను, మైకులో.

తర్వాత తెర మీద ఒక ఫొటో వేశాను. నేల మీద దిగిన క్యాప్సూల్ లోంచి వ్యోమగాముల్ని పిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు. "వీళ్ళకి దెబ్బలేమీ తగల్లేదు. జబ్బూ లేదు. కొన్ని నెలలపాటు తమ బరువు తాము మోయలేదు, అంతే" అన్నాను. ఆ ఫొటోలో ఉబ్బిన మొహంతో, దుప్పటి కింద సన్నటి కాళ్ళతో కూర్చున్న మనిషిని చూస్తుంటే, తర్వాత చెప్పాల్సింది గుర్తుకు రాలేదు. ఆ మొహం నేను పొద్దున్నే తుడిచి, పౌడర్ రాసి వచ్చిన మొహంలాగే ఉంది.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, వాళ్ళు మళ్ళీ మామూలుగా నడుస్తారా?"

"నడిపిస్తే నడుస్తారు."

"నడిపించకపోతేనో మేడమ్?"

కూర్చోమ్మా అన్నాను. టైమ్ అయిపోయిందని ప్రిన్సిపాల్‌గారు గంట కొట్టించారు. ప్రమాదాలు చాలా బాగా చెప్పారని అందరూ మెచ్చుకున్నారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. భీమడోలు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ ఏమీ అడక్కుండా బత్తాయి తొనలు వలిచి ఇచ్చింది. తిన్నాను. మా అమ్మ చచ్చిపోతుంది అనుకున్నాను. పడినందుకు కాదు, మేమందరం ఇంత బాగా చూసుకుంటున్నందుకు.

ఇంటికొచ్చి దుప్పటి తీసి చూస్తే అమ్మ పిక్కలు నా మణికట్టంత ఉన్నాయి. దగ్గు కూడా మొదలైంది. మర్నాడు డాక్టరుగారు ఇంటికొచ్చి ఛాతీ మీద స్టెత్ పెట్టి చూశారు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "మందు రాస్తాను. కానీ ఈ నెలలో లేవకపోతే ఇక లేవరమ్మా. ఆ తర్వాత నన్ను పిలిచి లాభం లేదు" అన్నారు. ఆయన మంచివారే. ఆ మాట అమ్మ ముందు అనలేదు. అక్కడ కూడా మర్యాదే.

ఆ రాత్రి నేను అరిచాను, బతిమాలాను. వ్యోమగాములు రోజుకి రెండేసి గంటలు ఎక్సర్‌సైజు చేస్తారని, నడిచే మిషన్ మీద నిలబడడానికి భుజాలకి బెల్టులు వేసి కిందికి లాగి కట్టుకుంటారని చెప్పాను. "అయితే నన్ను కూడా కట్టేస్తావా?" అంది. కట్టేస్తానన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. పక్కకి తిరగడమైనా ఒక ఎక్సర్‌సైజే కదా అని సరిపెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత ముదినేపల్లి నుంచి పెదనాన్నగారు ఫోన్ చేశారు. నాన్నకి అన్నగారు. ఎనభై దాటినా పొలం గట్టు మీదికి వెళ్ళి నాలుగు కేకలు వేసి వచ్చే మనిషి. నేను పప్పు తాలింపు వేస్తున్నాను కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మ మంచం పక్కన స్టూలు మీద ఉంచాను. "ఏమ్మా, మీ అమ్మకి ఎలా ఉంది?" అని ఆయన గొంతు గదంతా వినిపించింది.

గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. అమ్మ ఒక చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. భుజాలు తలగడ మీంచి లేపింది. రెండో చేత్తో పమిట భుజం చుట్టూ కప్పుకుంది. నడుము దాకా లేచి, ఆయన ఫోన్ పెట్టేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లిగా వెనక్కి వాలింది. నెలన్నరగా డాక్టరు, ఫిజియోథెరపీ, నేను, నా ఏడుపు, ఎవరం చేయించలేని పని ఒక ఫోన్ కాల్ చేయించింది.

మా ఇళ్ళల్లో ఆ తరం ఆడవాళ్ళు బావగారి ఎదుట, అంటే భర్త అన్నగారి ఎదుట, కూర్చోరు. ఆయనతో నేరుగా మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో పిల్లల్నో, గోడనో, గుమ్మాన్నో పెట్టుకుని చెప్పాలి. ఆయన కూడా ఇంట్లోకి వచ్చే ముందు బయటే గొంతు సవరించుకుంటారు, లోపల కూర్చున్నవాళ్ళు లేవడానికి వీలుగా. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ అమ్మ ఆ మనిషి ముందు ఒక్కసారి కూర్చోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. ఇంటర్ చదివేటప్పుడు ఈ విషయం మీద అమ్మతో వారం రోజులు మాట్లాడలేదు కూడా.

వరండాలోకి వెళ్ళి పెదనాన్నగారికి తిరిగి ఫోన్ చేశాను. "మీరు ఒకసారి రావాలి పెదనాన్నగారూ. కానీ రెండు మాటలు మాత్రం అనకూడదు. లేవకు అనకూడదు. కూర్చో అనకూడదు."

"అదేంటమ్మా, కాలు విరిగిన మనిషిని కూర్చోమనకుండా ఎలాగ? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"ఎవరూ వినరండీ. నేనూ, మా వారూ ఉంటాం, అంతే."

"మీ ఆయన మాత్రం ఏమనుకుంటాడమ్మా?"

డాక్టరుగారు అన్నమాట చెప్పాను. అప్పుడు అడగడం మానేసి, ఎల్లుండి బస్సుకి వస్తానన్నారు.

వచ్చారు. కైకలూరు మీదుగా కొల్లేరు దాటి, చేతిలో ప్లాస్టిక్ క్యాన్‌లో బతికున్న కొర్రమేనులు పట్టుకుని వచ్చారు. ఆపరేషన్ అయినవాళ్ళకి కొర్రమేను పులుసు మంచిదని అందరికీ తెలిసిందే. గేటు దగ్గర ఆగి గొంతు సవరించుకున్నారు.

లోపల్నుంచి అమ్మ కేక. "ఏమే! బావగారే! ఆ వాకర్ ఇలా తే! చూస్తావేంటి, తే!"

తెచ్చాను. అమ్మ కాళ్ళు కిందికి దించింది. నా భుజం మీద ఒక చెయ్యి, వాకర్ మీద ఒక చెయ్యి వేసి లేచింది. మోకాళ్ళు గడగడా వణికాయి. నుదుటి మీద చెమట పట్టింది. కానీ లేచి, మంచం పక్కనే పమిట సర్దుకుని తలవంచుకుని నిలబడింది. మా వారు హడావుడిగా "కూర్..." అనబోతుంటే కాలు తొక్కాను. ఆయన ఆ మాటని దగ్గుగా మార్చుకున్నారు.

పెదనాన్నగారు హాల్లోకి వచ్చారు. కుర్చీ చూపించాను. గుమ్మంలోంచి అమ్మ వంక చూశారు, కుర్చీ వంక చూశారు. కూర్చోలేదు. కూర్చో అనొద్దన్నాం గాని, ఆవిడ నిలబడి ఉంటే తను కూర్చోవాలని ఎవరూ అనలేదు కదా. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. అలా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో నేను.

"ప్రాణం ఎలా ఉందో మీ అమ్మనడుగు."

"బాగానే ఉందని చెప్పు."

"కొల్లేట్లో పిట్టలు బాగా దిగాయని చెప్పు."

"అలాగా అని చెప్పు. బస్సులో సీటు దొరికిందో లేదో అడుగు."

"దొరికిందని చెప్పు."

పదడుగుల దూరంలో ఒకరి మాట ఒకరికి వినిపిస్తూనే ఉంది. అయినా ప్రతిదీ నేను మళ్ళీ చెప్పాను. తొందరపడలేదు. తిప్పి తిప్పి చెప్పాను, ఒక్కోసారి రెండుసార్లు. అమ్మ ఎంతసేపు నిలబడితే అంత మంచిది. చివరికి అమ్మే, "ఆయన్ని కూర్చోమనవే, మోకాళ్ళు" అంది. పెదనాన్నగారి నోరు తెరుచుకుంది. నా వంక చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆయన అంతలా కష్టపడడం నేనెప్పుడూ చూడలేదు. కాఫీ నిలబడే తాగి వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటగానే అమ్మ మంచం మీద కూలబడి నా మీద విరుచుకుపడింది. "ఆయన వస్తున్నారని ముందే చెప్పొద్దూ? ఈ నలిగిన చీరతోనా నిలబడేది?" మళ్ళీసారి ముందే చెప్పాను. చీర మార్చుకుంటానంది. చీర కట్టుకోవాలంటే ముందు నిలబడాలి. కుచ్చిళ్ళు పోయడానికి కాసేపు వాకర్ కూడా వదలాలి. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ సంగతి పసిగట్టి, "తాతగారు మళ్ళీ ఎప్పుడొస్తున్నారండీ?" అని నన్ను అడిగి, ఆ రోజే వచ్చేది.

పెదనాన్నగారు వారం వారం వచ్చారు. ఒకసారి మినుములు, ఒకసారి రొయ్యలు, ఒకసారి ఏమీ లేక ఊరికే. వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "మావయ్యగారికి ఈ వయసులో ఇన్ని బస్సు ప్రయాణాలేంటండీ?" అంది. ఆవిడ బాధా న్యాయమే. మంచం దగ్గర నిలబడే మనిషి గుమ్మం దాకా వచ్చింది. తర్వాత, కాఫీ ఇంకొకరి చేత పంపిస్తే బాగోదని, నేను గ్లాసు పట్టుకుంటే తను వాకర్‌తో పక్కన నడిచి హాలు దాకా వచ్చింది. ఆయన వెళ్ళేటప్పుడు సాగనంపడానికి వీధి గుమ్మం దాకా వచ్చింది. దగ్గు తగ్గింది. పిక్కలకి కొంచెం కండ వచ్చింది. నాకు ఎంత సంతోషంగా ఉండాలో అంత సంతోషంగా లేదు. ఏ పద్ధతి మీద ఒకప్పుడు పోట్లాడానో, దాన్నే ఇప్పుడు మందులా వేళకి వేస్తున్నాను. క్లాసులో ఆడపిల్లలకి ఎవరి ముందూ తలవంచక్కర్లేదని చెప్పి, ఇంటికొచ్చి మా అమ్మని నిలబెడుతున్నాను. ఎవరితోనూ ఈ మాట అనలేదు. పని జరుగుతోంది కదా.

ఒక సాయంత్రం పిక్కలకి నూనె రాస్తుంటే అమ్మ అడిగింది. "నువ్వు చెప్పినవాళ్ళు, ఆ పైన పడుతూ ఉండేవాళ్ళు. వాళ్ళని చూడ్డానికి ఎవరైనా వెళతారా?"

"ఎవరు వెళతారమ్మా, రాకెట్ కావాలి. అప్పుడప్పుడూ సామాన్లు వస్తాయి, కొత్తవాళ్ళు వస్తారు."

"బావగార్లాంటి వాళ్ళు?"

"రారు."

"పాపం. మరి వాళ్ళు ఎవరి కోసం లేస్తారే?" అంది. నిజంగా వాళ్ళ మీద జాలిపడే అంది. నేను రెండో కాలికి నూనె రాశాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. గేటు దగ్గర గొంతు సవరించుకోవడం వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పెదనాన్నగారు మెట్ల దగ్గర గొడుగు ముడుస్తున్నారు. అమ్మ లేవలేదు.

మళ్ళీ మొదటికి వచ్చింది అనుకున్నాను. రాత్రి జ్వరం తగిలిందా, నేను చూసుకోలేదా అనుకున్నాను. గబగబా వాకర్ తెచ్చి ముందు పెట్టాను. అమ్మ దాన్ని పక్కకి జరిపింది.

"రండి బావగారూ. కూర్చోండి" అంది.

నాతో కాదు. ఆయనతోనే అంది. మొహం చూసి అంది. పెదనాన్నగారు అలవాటు కొద్దీ నా వంక చూశారు, నేను చెబుతానని. నేను వాకర్ పట్టుకుని అమ్మనే చూస్తున్నాను. "మీ అమ్మకి ఓపిక తగ్గిందేంటమ్మా?" అని నన్నే అడిగారు.

"ఓపిక బాగానే ఉందండీ" అంది అమ్మ. "పొద్దున వీధి చివరి దాకా వెళ్ళొచ్చాను. దీనికి కూడా చెప్పలేదు, గోల చేస్తుందని. లేవలేని రోజుల్లో మీరొస్తే లేవక తప్పేది కాదు. ఇప్పుడు లేవగలను. అందుకని కూర్చున్నాను."

ఆయన గొడుగు గోడకి ఆనించారు. అది జారితే మళ్ళీ ఆనించారు. తర్వాత అమ్మకి ఎదురుగా ఉన్న కుర్చీలో మెల్లిగా, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. "ఆ మాట నీ పెళ్ళయిన మర్నాడే అన్నానమ్మా నేను, కూర్చోమని" అన్నారు.

"విన్నానండీ" అంది అమ్మ.

నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఎవరి మాటో ఎవరికో అందించాల్సి వస్తుందేమోనని. అమ్మ నా వంక చూసి, "నువ్వెళ్ళి కాఫీ పెట్టవే" అంది. వెళ్ళాను. వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతుంటే అమ్మ గొంతు వినిపించింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలని ఎప్పటినుంచో ఉందండీ. అడగడానికి మధ్యలో ఎప్పుడూ ఎవరో ఉండేవారు. మీ తమ్ముడు చిన్నప్పుడు ఎలా ఉండేవారు?"

పెదనాన్నగారు గొంతు సవరించుకున్నారు. చెప్పడం మొదలుపెట్టారు. నాన్న ఈత నేర్చుకున్న సంగతి, బడి ఎగ్గొట్టిన సంగతి, నాకూ తెలియనివి చాలా. అమ్మ మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వింది. ఆ కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ కలిపాను. అది కూడా చల్లారిపోయింది.